పరిహాసమునకు పొలిమేర

నవ్వు నాలుగు విధముల చేటని మనవారు సామెత చెప్పిరి. ఆ నాలుగు విధములెవ్వియో వివరించి చెప్పినవారు అరుదు. బడిలో తెలుగు చెప్పిన ముప్పది యేండ్లకు పైబడిన కాలములో పిల్లలు ఈ ప్రశ్న అడిగినప్పుడెల్ల నేనేదో యొక సమాధానము చెప్పి తప్పించుకొనుచు వచ్చితిని. నేడు వానిలో ఒకదానినైనను నిశ్చయముగా చెప్పగలను. తోడి ఉద్యోగిని స్త్రీ యైన కారణముచేతనే, పనిచేయుచోట ఆమెను నవ్వులపాలు చేయు నవ్వు ఆ చేటులలో ఒకటి. ఈ సంగతిని నేను శాస్త్రమువలన నేర్చుకొనలేదు. స్వయముగా చేసిన తప్పువలన నేర్చుకొంటిని. కావున శ్రోతలు ఈ ప్రసంగమును ఉపదేశముగా గాక ఒప్పుకోలుగా వినవలెనని వేడుకొనుచున్నాను.

మొదట హాస్యము పక్షమున రెండు మాటలు చెప్పవలసియున్నది. భరతముని నాట్యశాస్త్రమున రసములను లెక్కించుచు శృంగారము వెనువెంటనే హాస్యమును నిలిపెను. దాని వర్ణము తెలుపనెను. తాను నవ్వుట ఆత్మస్థమనియు, ఇతరులను నవ్వించుట పరస్థమనియు చెప్పి, నవ్వును ఆరు తెగలుగా విభజించెను. స్మితము, హసితము ఉత్తములవి. విహసితము, ఉపహసితము మధ్యములవి. అపహసితము, అతిహసితము అధములవి. పలువరుస కనబడనీయక చెక్కిళ్ళు మాత్రము ఇంచుక వికసింప నవ్వునది స్మితము. మఱి అపహసితమన నేమి? కన్నుల నీరు గ్రమ్మ, భుజములును తలయు కదల నవ్వుట అని లక్షణము చెప్పుచు, దానికి మొదటి గుర్తుగా ముని యొక మాట వేసెను: అది తగనిచోట నవ్విన నవ్వు. శిష్యదశలో ఈ లక్షణమును వల్లించునప్పుడు భుజములు కదలుటయే నాకు వింతగా తోచెను గాని, చోటును గూర్చిన మాట చెవికెక్కలేదు.

మన తెలుగువారికి నవ్వు కొత్త కాదు. వీరేశలింగముగారు దురాచారములను చెండాడుటకు ప్రహసనములనే ఆయుధముగా గొనిరి. 1892లో తొలుత ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడిన గురజాడవారి కన్యాశుల్కము పసిబిడ్డలను ముసలివారికి అమ్ముకొను పెద్దలను నవ్వులపాలు చేసెను. తెనాలి రామకృష్ణుని కథలలో నవ్వు రాజు మీదికిని, రాజగురువు మీదికిని పోవును. మునిమాణిక్యమువారి కాంతము కథలలో మగడు భార్యను గేలిచేయబోయి తానే గేలియగుట తఱచు. వీనియందెల్ల నవ్వు బలవంతుని మీదికి పోవుచున్నది. లేదా నవ్వించువాడు తన్ను తాను నవ్వులపాలు చేసికొనుచున్నాడు. నవ్వునకు ఏ దిక్కు మేలైనదో మనవారెఱుగనివారు కారు.

ఇక నా కథ. 1991లో నేనొక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడను. నాకప్పటికి ముప్పది దాటినవి. భాషాప్రవీణ పట్టమును, శ్లేషలయందు మిక్కిలి మక్కువయు కలవాడను. స్టాఫురూమని మేమందరము పిలుచు ఉపాధ్యాయుల గదిలో నన్ను చూడగనే, "పండితులవారూ, ఏదైనా విసరండి" అనెడివారు. నేను విసరెడివాడను.

ఆ గదిలో మంచి హాస్యమును లేకపోలేదు. కుట్టుపని నేర్పు ఒక పెద్దావిడ యుండెను. నేను పాఠమునందు దీర్ఘసమాసములు దొర్లించుట ఆమెకు గోడ యవతలినుండి వినబడుచుండెడిది. ఒకనాడు అందఱిలో ఆమె, "పండితులవారి సమాసానికి విగ్రహం దొరికేలోపల గంట కొట్టేస్తారు" అనెను. గది యంతయు ఘొల్లుమనెను. అందఱికంటె నేనే ఎక్కువ నవ్వితిని. మఱునాడు నేనామె కుట్టిన సంచి కుట్లను గూర్చి ఒక మాట అంటిని; ఆమెయు నవ్వెను. చెల్లుకు చెల్లు. ఆ మాటవలన నా పాండిత్యమునకు గాని, నా ఉద్యోగమునకు గాని ఇసుమంత లోటు రాలేదు. పైగా నాటినుండి పాఠమునందు సమాసములు కొంత తగ్గించితిని. పిల్లలు మేలు పొందిరి.

ఆ యేడు జూలైలో లెక్కల ఉపాధ్యాయినిగా ఒక చిన్నది వచ్చెను. మా బడిలో పై తరగతులకు గణితము చెప్పుటకు వచ్చిన తొలి స్త్రీ ఆమె. వచ్చిన పదిదినములలోనే టైంటేబులులోని పొరపాటొకటి కనిపెట్టి, వారమునకు రెండు పీరియడులు వృథాయగుచున్నవని కాగితముపై వేసి చూపెను. ఆ టైంటేబులు వేసినవారు మాలోని పెద్దలు. వారి ముఖము చిన్నబోయెను. ఆ బిగువు సడలించుటకో, వారిని మెప్పించుటకో, నేనొక మాట విసరితిని. గణితమను పదములో ఒక్క అక్షరము మార్చి ఆమెకొక బిరుదమిచ్చితిని. ఆ బిరుదమును నేడుచ్చరింపను; సంస్కృతము కొంచెము తెలిసినవారు ఊహింపగలరు. భుజములు కదలునట్లు అందఱును నవ్విరి. ఆమెయు నవ్వెను. ఆమె నవ్వుట చూచి నా మనస్సు నిశ్చింతయైనది. టైంటేబులు మాత్రము మారలేదు. ఆమె వేసిన కాగితమును ఆనాడు మఱల ఎవరును చూడలేదు.

నేను నవ్వించినది ఆమె వేసిన లెక్కను చూచి కాదు. లెక్క తప్పని చెప్పగలవాడొక్కడును ఆ గదిలో లేడు. లెక్కకు బదులు చెప్పలేక, లెక్క వేసినది ఆడుది అను విషయమును ముందుకు త్రోసితిని. శాస్త్రచర్చలో దీనిని నిగ్రహస్థానమందురు. మాట అందక ప్రసంగము దారి తప్పించువాడు ఓడినవాడే. మా గదిలో మాత్రము నేను గెలిచినట్లు లెక్కించిరి.

పిమ్మట జరిగినదానిని నేను చూచియు చూడనట్లుంటిని. ఆమె ఖాళీ పీరియడులలో స్టాఫురూమునకు వచ్చుట మానెను. ప్రయోగశాల వరండాలో ఆయా ప్రక్కన కూర్చుండి మధ్యాహ్నము అన్నము తినుచుండెను. ఆమెకు గర్వమనిరి. పది పదునైదు దినములైన తరువాత తొమ్మిదవ తరగతి నల్లబల్లపై నా శ్లేష ప్రత్యక్షమయ్యెను. నేనా మాట అన్నదినమున కాపీ పుస్తకములు మోసికొని వచ్చిన బాలుడొకడు గుమ్మమున నిలిచియుండెను. బల్లమీది అక్షరములు వానివే. గుండ్రని చక్కని అక్షరములు. తలకట్టు ఎచ్చట పెట్టవలెనో, వత్తు ఎచ్చట దిగవలెనో నేనే చేయిపట్టి దిద్దించినవి. ఆమె బల్ల తుడిచి, ఒక్క మాటయు అనక, పాఠము చెప్పి వెడలినదట. ప్రధానోపాధ్యాయులు వానిని పిలిపించి బెత్తముతో నాలుగు కొట్టిరి. "ఈ బూతులు ఎక్కడ నేర్చుకున్నావురా" అని గద్దించిరి. వాడు నోరు మెదపలేదు. నేను ఆ ప్రక్కనే నిలుచుంటిని. నేనును నోరు మెదపలేదు.

ఆ యేడు గడచినంతనే ఆమె బదిలీ కోరి వెడలిపోయెను. ఊరు దూరమైనను వెడలెను. మఱల నేనామెను చూచినది 2003లో, పదవ తరగతి పరీక్షా పత్రములు దిద్దు స్పాట్ వాల్యుయేషన్ శిబిరమున. భోజన విరామమున నేను పోయి, ఆనాడట్లు అనుట తప్పు, క్షమింపవలెనని చెప్పితిని. ఆమె అన్న మాటలు యథాతథముగా చెప్పెదను: "మాస్టారూ, మీరన్న మాట నేను మరిచిపోగలను. నేను నవ్వానే, అది మరిచిపోలేకపోతున్నాను. నవ్వకపోతే పొగరంటారని భయపడి నవ్వాను. ఇంటికెళ్ళి అద్దంలో మొహం చూసుకోవడానికి సిగ్గేసింది."

ఈ నవ్వు భరతముని చెప్పిన ఆరింటిలో లేదు. చూచుటకు స్మితము వలెనే యుండును. పలువరుస కనబడదు, చెక్కిళ్ళు కదలును. కాని దానికి స్థాయిభావము హాసము కాదు, భయము. దీనిని నేను నాలో ఏడవ నవ్వని పిలుచుకొందును. ఉద్యోగము క్రొత్తదైనవారు, పై అధికారి మాటపై బ్రదుకవలసినవారు, పదిమంది పురుషులలో ఒంటిగా కూర్చుండువారు ఈ నవ్వు నవ్వుదురు. నవ్వించినవాడు దానిని చూచి, "ఆమె కూడ నవ్వినది గదా" అని సాక్ష్యమునకు తెచ్చును. నేనును పండ్రెండేండ్లు ఆ సాక్ష్యమునే నమ్ముకొని నిద్రించితిని.

మనలో ఇంకొక సామెత కలదు: నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదని. తరగతిలో సామెతల పాఠమునకు ఉదాహరణముగా దీనిని నేనెన్నియోమారులు వ్రాయించితిని. ఎదుట కూర్చున్న ఆడపిల్లల ముఖములు చూడలేదు. ఆలోచించిచూచిన, పనిచేయు స్త్రీకి మనము బిగించిన ఉరి ఇందే యున్నది. నవ్వినచో నమ్మదగినది కాదు. నవ్వనిచో పొగరుబోతు. నవ్వియు నవ్వకయు ఉండు మార్గమేదియో ఏ వ్యాకరణమును చెప్పలేదు.

అట్లయిన పొలిమేర ఎచ్చట? నా మట్టుకు నేను మూడు రాళ్ళు పాతుకొంటిని.

మొదటి రాయి మారుమాట. ఎవరిని గూర్చి హాస్యమాడితిమో వారు మఱునాడు మనమీద అట్టిదే ఆడి, ఏమియు కోల్పోకుండ ఇంటికి పోగలరా? కుట్టుపని నేర్పు పెద్దావిడయు నేనును ఒకరినొకరము అనుకొనగలిగితిమి. ఆ చిన్నది నన్ను అనగలిగెడిదా? లేదు. చేతులు కట్టబడినవానితో కత్తిసాము చేయుట సాము కాదు.

రెండవ రాయి మారుపేరు. ఆ మాటలో స్త్రీ పేరు తీసి పురుషుని పేరు పెట్టి చూడవలెను. హాస్యము నిలిచినచో అది చేష్టను గూర్చినది. నిలువనిచో అది పుట్టుకను గూర్చినది. సమాసముల మీది వేళాకోళము ఎవరిమీదనైనను చెల్లును. "పై అధికారిని చూచి నవ్వి పదోన్నతి తెచ్చుకొన్నది" అను మాట పురుషుని మీద నిలువదు. పదిమంది కూర్చున్న సమావేశమున టీ కప్పులు అందించుట ఒక్క ఆడమనిషికే చెప్పి, "మీ చేతి మహిమ వేఱు" అనుటయు అట్టిదే. 2017లో చట్టమును సవరించి మొదటి ఇద్దఱు బిడ్డల కాన్పులకు 26 వారముల ప్రసూతి సెలవు ఏర్పఱచిరి. ఆ సెలవును జీతముతో కూడిన విహారమని పరిహసించువాడు కాన్పు నొప్పులను ఒక్క గడియ ఊహించినవాడు కాడు.

మూడవ రాయి పని. నవ్వు ముగిసిన తరువాత ఆమె మాటకు సభలో మునుపటి బరువే యున్నదా? ఆమె మునుపటివలెనే ఆ గదికి వచ్చుచున్నదా? రానిచో అది హాస్యము కాదు, గెంటివేత. మెడమీద చేయి వేయకుండ గెంటినందున మనము దానిని గుర్తింపము. నేడు స్టాఫురూములు చేతిలోని ఫోనులోనికి వచ్చినవి. వాట్సప్ గుంపులో పడిన ఒక మాట రాత్రి పదిగంటలకును ఇల్లు చేరును. అచ్చటను ఈ మూడు రాళ్ళే చాలును.

ఇక చట్టము మాట. విశాఖ వ్యాజ్యమున 1997 ఆగస్టు 13వ తేదీన సుప్రీంకోర్టు పనిచేయుచోట స్త్రీల గౌరవరక్షణకు మార్గదర్శక సూత్రములు విధించెను. పిమ్మట 2013లో పార్లమెంటు ఇందుకు ప్రత్యేక చట్టము చేసెను. అది ఆ యేడు డిసెంబరు 9 నుండి అమలునకు వచ్చెను. కోరని స్పర్శయు, కోరని ప్రార్థనయు మాత్రమే గాక, లైంగికమైన రంగు పులిమిన మాటలును వేధింపేయని ఆ చట్టము చెప్పుచున్నది. ఆమె పనికి అడ్డుతగులుట, భయమును అవమానమును కలిగించు పరిసరమును కల్పించుట గూడ అందు పేర్కొనబడినవి. పదిమందియో అంతకు మించియో పనిచేయు ప్రతిచోటను అంతర్గత కమిటీ యుండవలెను. దానికి అధ్యక్షత వహించునది స్త్రీ, సభ్యులలో సగమునకు తక్కువ కాకుండ స్త్రీలే, బయటివారొకరు ఉండవలెను. పదిమంది లేనిచోట పనిచేయువారు జిల్లాలోని స్థానిక కమిటీకి చెప్పుకొనవచ్చును. జరిగిన మూడు నెలలలో ఫిర్యాదు వ్రాసి ఇయ్యవలెను. తగిన కారణమున్న మఱి మూడు నెలలు గడువు పెంపవచ్చును. విచారణ 90 దినములలో ముగియవలెను. కమిటీ నియమింపని యజమానికి 50,000 రూపాయల వఱకు జరిమానా కలదు. నా శ్లేష నేడు పలికినదైనచో నేను ఆ కమిటీ యెదుట నిలువవలసినవాడనే.

కొందఱు మిత్రులు, ఇట్లయిన అబద్ధపు ఫిర్యాదులు వచ్చునందురు. దురుద్దేశముతో అబద్ధమాడినవారిపై చర్య తీసికొనుటకు ఆ చట్టమే దారి చూపినది. అయితే రుజువు చేయలేకపోయినంత మాత్రమున ఫిర్యాదు అబద్ధము కాదనియు అదే చెప్పినది. ఇంకొందఱు, ఈ కాలమువారికి మనసు మఱీ సున్నితమైనదందురు. మన ఆలంకారికులు కావ్యమును అనుభవింపదగినవానికి సహృదయుడని పేరిడిరి. పరుని హృదయముతో తన హృదయము కలుపగలవాడని దాని భావము. కావ్యము చదువునప్పుడు శకుంతల దుఃఖమునకు కంట తడిపెట్టుకొని, ప్రక్క బల్లవద్ద కూర్చున్నదాని ముఖము చదువలేనివాని సహృదయత్వము ఏపాటిది? అది నాకు నేను వేసికొన్న ప్రశ్న. ఇతరులను నిందించుటకు కాదు.

చట్టము పట్టుకొనలేనివియు పెక్కు కలవు. ఆడువారికి లెక్కలు రావనుట, కారు తోలుట చేతగాదనుట, ఇల్లు చూచుకొనక ఉద్యోగమెందుకనుట, వీనినన్నిటిని ఏ కమిటీయు తూచలేదు. చట్టము ఊరి చివరి కోటగోడ వంటిది. పొలిమేర రాళ్ళు అంతకు చాల ముందే యుండవలెను. వానిని పాతవలసినవారు ఆ చోట కూర్చున్నవారే.

ఇక్కడ భారతములోని సభాపర్వము జ్ఞప్తికి వచ్చుచున్నది. ద్రౌపదిని సభకీడ్చినప్పుడు అచ్చట నవ్వినవారు కలరు. నవ్వక తలవంచుకొన్న పెద్దలును కలరు. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమనెను. దుర్యోధనుని తమ్ములలో ఒకడైన వికర్ణుడు మాత్రము లేచి తప్పు తప్పని పలికెను. ఆ సభలోనే విదురుడు, పూర్వము కశ్యపుడు ప్రహ్లాదునకు చెప్పిన ధర్మమును వినిపించెను. నిందింపదగిన పనిని నిందింపక ఊరకుండు సభలో పాపమున సగము సభకు పెద్దయైనవానిది, పాతిక చేసినవానిది, మిగిలిన పాతిక చూచుచు కూర్చున్నవారిది. చేసినవానికంటె పెద్దకు రెట్టింపు వచ్చుట గమనింపవలెను. ఇప్పటి చట్టము యజమానిపై మోపిన బాధ్యతకు ఇంతకంటె ప్రాచీనమైన ప్రమాణము నాకు తెలియదు. నా విషయమున నేను చేసినవాడను. ఆ బాలుని కొట్టినప్పుడు చూచుచు కూర్చున్నవాడను గూడ. రెండు పాతికలును నావే.

ఆ బాలుడు నేడొక కార్యాలయమున అధికారి. అతని క్రింద పనిచేయువారిలో స్త్రీలు చాలమంది కలరట. క్రిందటి సంక్రాంతికి ఊరికి వచ్చి నన్ను చూడవచ్చెను. ఇన్నేండ్లును గొంతున అడ్డుపడియున్న మాటను ఆనాడు చెప్పివేసితిని. "నాయనా, ఆనాడు నీవు తిన్న దెబ్బలు నావిరా. ఆ మాట నాది" అంటిని. అతడు తలవంచుకొని కొంతసేపు ఊరకుండెను. తరువాత మెల్లగా, "తెలుసండీ మాస్టారూ. గుమ్మంలో ఉండి విన్నాను. మీరు అన్నారు కాబట్టి తప్పు కాదనుకునే రాశాను" అనెను.

నాకు నోట మాట రాలేదు. ముప్పదియేండ్లు నేను వానికి శిక్ష తప్పింపలేకపోతినని బాధపడితిని గాని, వానికి అనుమతి ఇచ్చినది నేనేయని ఎఱుగను. లేచిపోవుచు అతడు మఱియొక మాట చెప్పెను. తన కార్యాలయమున ఎవరైన అట్టి హాస్యమాడినచో తాను నవ్వడట. అడ్డుపడి, "ఆవిడ చెప్పిన విషయం ముందు పూర్తిచేద్దాం" అనునట.

ఆ ఒక్క మాట 1991లో మా గదిలో ఎవరైన అనియుండినచో టైంటేబులు బాగుపడియుండును. ఆమె అన్నము వరండాలో తినవలసిన పని లేకపోయెడిది. అది మిక్కిలి చిన్న మాట. పాండిత్యమక్కఱలేదు. రేపు మీ కచేరీలో, బడిలో, దుకాణములో అట్టి నవ్వు పుట్టినప్పుడు, ఆ చోట పెద్దలైనవారు దానిని జ్ఞప్తి యందుంచుకొందురు గాక.